జపాన్ యానిమేలో బొమ్మలు అంత తక్కువగా ఎందుకు కదులుతాయి?

పాత్ర నిశ్చలంగా నిలబడి పెదవులు మాత్రమే ఆడించే దృశ్యాలు టీవీ యానిమే(జపాన్ యానిమేషన్)లో ఎందుకంత ఎక్కువన్నది మీ ప్రశ్న. దానికి మూలం 1963లో ఉంది.

సినిమా సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నడుస్తుంది కాబట్టి, ఒక్కో బొమ్మను రెండు ఫ్రేముల పాటు నిలిపినా సెకనుకు 12 బొమ్మలు గీయాలి. మాంగా (జపాన్ కామిక్స్) రచయిత ఒసాము తెజుకా తన ‘ఆస్ట్రో బాయ్’ కథను 1963 జనవరి 1 నుంచి ఫుజి టెలివిజన్‌లో వారానికొక అరగంట భాగంగా ప్రసారం చేయించినప్పుడు, ఆయన ముషి ప్రొడక్షన్ సంస్థకు అంత పని అసాధ్యమైంది. అందుకే ఒక్కో బొమ్మను మూడు ఫ్రేముల పాటు నిలిపారు; ముఖాన్ని అలాగే ఉంచి నోటిని మాత్రమే మార్చారు; ఒకసారి గీసిన కదలికలను దాచి మళ్ళీ మళ్ళీ వాడారు. పైగా తెజుకా ఆ భాగాలను తయారీ ఖర్చుకన్నా తక్కువకే అమ్మి, లోటును ఆ పాత్ర ఆటబొమ్మల తయారీ హక్కులతో, విదేశీ అమ్మకాలతో పూడ్చుకోవాలనుకున్నారు. ప్రాయోజకుడైన మెయిజి మిఠాయి సంస్థ చాక్లెట్లతో పాటు ఆ పాత్ర స్టిక్కర్లు ఇచ్చింది కూడా.

ఆ చౌక ధర తర్వాతి వారికి గుదిబండ అయిందని యానిమే దర్శకుడు హయావో మియజాకి 1989లో ఘాటుగానే విమర్శించారు. విమర్శ న్యాయమైనదే. అయితే కదలని ముఖం, దాని వెనుక దూసుకుపోయే వేగరేఖలు మాంగా పుటలకు అలవాటుపడిన పాఠకుడికి లోపంగా తోచలేదని నా అభిప్రాయం.