స్టెమ్ సెల్ డిప్లొమాకి 4.5 లక్షలు కట్టే ముందు ఒక్క నిమిషం, నాన్నగారూ

ప్రశ్న: మేడమ్, మాది తెనాలి. మా అమ్మాయి గుంటూరులో బీఎస్సీ బయోటెక్నాలజీ ఫైనల్ ఇయర్. నీట్ రెండుసార్లు రాసింది, సీటు రాలేదు. ఇప్పుడేమో స్టెమ్ సెల్స్ నుంచి లివర్ కణాలు పెంచి, వాటిలో ఇన్‌ఫ్లమేషన్‌ని (వాపు, మంట) యాంటీఆక్సిడెంట్లు తగ్గిస్తాయా లేదా అన్నదాని మీద పరిశోధన చేస్తానంటోంది. హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు సంస్థ ఏడాది స్టెమ్ సెల్ డిప్లొమాకి 4.5 లక్షలు అడుగుతోంది. అది మంచిదా, ఎమ్మెస్సీ మంచిదా? మా బావమరిది కొడుకు సాఫ్ట్‌వేర్‌లో చేరి అప్పుడే ఫ్లాట్ కొన్నాడు. అమ్మాయికి సంబంధాలు కూడా వస్తున్నాయి. ఈ లైన్‌లో భవిష్యత్తు ఉందంటారా?

జవాబు: ఈ ఉత్తరం నాకు ఏటా వస్తూనే ఉంటుందండీ. ఊరు మారుతుంది, కోర్సు పేరు మారుతుంది, బావమరిది కొడుకు మాత్రం మారడు. డిప్లొమానా ఎమ్మెస్సీనా అని అడిగారు గానీ, మీకు నిద్ర పట్టనివ్వని ప్రశ్న వేరే ఉంది: డాక్టర్ కాలేకపోయింది, ఇక మా పిల్ల ఎందుకూ కాకుండా పోతుందేమో అని. పోదు. నీట్ పోయి బయాలజీలో మిగిలిన పిల్లల్ని చాలామందిని చూశాను. సొంతంగా ఒక ప్రశ్న పట్టుకున్నవాళ్లు కొంచెం ఆలస్యమైనా నిలదొక్కుకున్నారు. మీ అమ్మాయి ఇరవై ఏళ్లకే ఫలానా కణంలో ఫలానా సంగతి తెలుసుకోవాలి అంటోంది. నా దగ్గరికి వచ్చేవాళ్లలో చాలామంది "ఏదో రీసెర్చ్ మేడమ్" అని ఆగిపోతారు.

ఇక నా అనుమానాలు. నేను ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ చేసి, ఈ కౌన్సెలింగ్‌లోకి రాకముందు మూడేళ్లు ఒక ల్యాబ్‌లో కణాలు పెంచాను కాబట్టి కాస్త చనువుగానే చెప్తాను.

ఈ రంగానికి మెరుపు ఎక్కువ. 2006లో జపాన్‌లో యమనకా ఎలుక చర్మం నుంచి తీసిన మామూలు కణాన్ని వెనక్కి నడిపించి ఏ కణంగానైనా మారగల మూలకణంగా, అంటే స్టెమ్ సెల్‌గా మార్చారు, మరుసటి ఏడాది మనిషి కణంతో చేశారు, 2012లో నోబెల్ వచ్చింది. ఇంతవరకు ప్రతి బ్రోచర్‌లోనూ ఉంటుంది. ఆ మూలకణాన్ని లివర్ కణంగా మార్చడానికి సుమారు మూడు వారాలు పడుతుందనీ, దశ దశకీ కణాన్ని మలిచే వేరే గ్రోత్ ఫ్యాక్టర్లు పోయాలనీ, అవి బంగారం కంటే ఖరీదనీ, ఆదివారం కూడా వెళ్లి ప్లేట్‌లో ద్రవం మార్చాలనీ, ఇరవయ్యో రోజున ఒక మూల తెల్లగా ఫంగస్ కనిపిస్తే మొత్తం పారబోసి మొదటి నుంచి మొదలుపెట్టాలనీ మాత్రం ఉండదు. నేను పెంచినవి ఇంతకంటే మొండి కణాలు, వాటికే రెండుసార్లు ఏడ్చాను.

ఇంత చేశాక వచ్చేది కూడా పెద్దవాళ్ల లివర్ కణం కాదు. చాలావరకు కడుపులో బిడ్డకుండే లివర్ కణంలా ప్రవర్తిస్తుంది, మందుల్ని విరగ్గొట్టే ఎంజైములు తక్కువగా ఉంటాయి. దీన్ని పెద్దరికానికి తేవడం ఎలా అన్నది ప్రపంచమంతా ఇంకా కుస్తీ పడుతున్న సమస్య.

యాంటీఆక్సిడెంట్, అంటే ఆక్సిజన్ వల్ల కణాలకి జరిగే నష్టాన్ని ఆపే పదార్థం, అనే మాటతో ఇంకా జాగ్రత్త. మన ఇళ్లలో పసుపు, ఉసిరి, కామెర్లకి నేల ఉసిరి పసరు అంటూ ఇది ముందే ఇష్టమైన మాట. కొన్నిచోట్ల నిజంగానే పనిచేస్తుంది. పారాసిటమాల్ మోతాదు మించితే లివర్ కణాల్ని కాపాడే గ్లూటాథయోన్ అయిపోయి కణాలు చస్తాయి, అప్పుడిచ్చే విరుగుడు ఎన్-అసిటైల్‌సిస్టీన్, ఆ గ్లూటాథయోన్ మళ్లీ తయారవడానికి కావలసిన ముడిసరుకు అందిస్తుంది. షుగర్ లేని ఫ్యాటీ లివర్ రోగుల్లో రోజుకు 800 యూనిట్ల విటమిన్ ఈ 96 వారాలు ఇచ్చి చూసిన అమెరికా ట్రయల్ 2010లో వచ్చింది: విటమిన్ తీసుకున్నవాళ్లలో 43 శాతం మందికి లివర్ మెరుగుపడితే, ఉత్తుత్తి మాత్ర తీసుకున్నవాళ్లలో 19 శాతం మందికి మెరుగుపడింది. కానీ లివర్‌లో మచ్చకట్టడం మాత్రం చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. అటు చూస్తే పసుపు క్యాప్సూల్స్ మింగి లివరే దెబ్బతిన్న కేసులు కూడా వైద్య పత్రికల్లో ఉన్నాయి. కూరలో వేసే పసుపు గురించి కాదు లెండి, కంగారు పడకండి.

మీ అమ్మాయి ముందు పట్టుకోవలసిన మెలిక ఇక్కడుంది. శరీరంలో లివర్‌కి అందే ఆక్సిజన్ గాలిలో ఉన్నదానికంటే చాలా తక్కువ. ల్యాబ్ ప్లేట్‌లో కణాలు ఇంచుమించు మనం పీల్చే గాలిలోనే బతుకుతాయి, అంటే ఆక్సిజన్ ఒత్తిడి వాటికి మొదటి రోజు నుంచే ఉంటుంది. దాంట్లో విటమిన్ సీ పోస్తే కణాలు కళకళలాడాయనుకోండి, లివర్ జబ్బు తగ్గిందా, ప్లేట్ పెట్టిన బాధ తగ్గిందా? గ్రీన్ టీలోని పదార్థాల్లాంటివైతే కణాలకి పోసే ద్రవంలోనే హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టించి ఆ ఒత్తిడినే పెంచగలవు. ఇన్‌ఫ్లమేషన్ సంగతి కూడా అంతే. జ్వరమొస్తే ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ ఉందా అని డాక్టర్ రాసే సీఆర్‌పీ టెస్ట్ మీకు తెలుసు కదా, ఆ సీఆర్‌పీని తయారుచేసేది లివర్ కణమే, ఐఎల్-6 అనే సంకేతం అందగానే. ప్లేట్‌లో ఐఎల్-6 పోసి సీఆర్‌పీ పెరిగిందా అని చూడొచ్చు. కానీ లివర్‌లో అలాంటి సంకేతాలు పంపి గొడవ పెద్దది చేసే కుప్‌ఫర్ కణాలు (లివర్‌లోని కాపలా కణాలు) ఆ ప్లేట్‌లో ఉండవు. గొడవపడేవాళ్లలో ఒకరే ఉన్న గదిలో కూర్చుని పంచాయితీ తీర్పు రాసినట్టు ఉంటుంది. వాటిని కూడా కలిపి పెంచేవాళ్లున్నారు, కష్టం రెట్టింపు.

ఇదంతా మీకెందుకు చెప్తున్నానంటే, ఈ మెలికలు ఏడాది డిప్లొమాలో తేలవు. బయోకెమిస్ట్రీ, ఫార్మకాలజీ, కాస్త స్టాటిస్టిక్స్ గట్టిగా ఉంటేనే తేలతాయి. అందుకే ఎమ్మెస్సీ. పోలిక రాయమన్నారు గానీ నా వరకు పోలిక ఇంతే. జామ్, గాట్-బీ, సీయూఈటీ అనే ప్రవేశ పరీక్షల సంగతులు అమ్మాయికి తెలిసే ఉంటాయి, వదిలేస్తున్నాను. డిప్లొమా మీద ఇంకా మనసు లాగుతుంటే వాళ్లని రెండు అడగండి: మా అమ్మాయి సొంత చేతులతో వారానికి ఎన్ని గంటలు కణాలు పెంచుతుంది, అవి యమనకా పద్ధతిలో తయారైన మూలకణాలా (ఐపీఎస్ కణాలు) లేక ఎవరి దగ్గరైనా దొరికే హెప్‌జీ2 లాంటి ట్యూమర్ కణాలా. జవాబుకు బదులు ప్లేస్‌మెంట్ ఫోటోలు చూపిస్తే లేచి వచ్చేయండి. ఆ సంస్థ పక్కనే లివర్‌కి స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు వేసే క్లినిక్ కూడా ఉంటే కూర్చోనే వద్దు. 2017 జాతీయ మార్గదర్శకాల ప్రకారం మూలకణ చికిత్సకి అనుమతి రక్తానికి సంబంధించిన కొన్ని జబ్బులకే, మిగతావన్నీ ట్రయల్‌గానే చేయాలి.

భవిష్యత్తు ఉందా అంటే, ఉంది, కానీ "స్టెమ్ సెల్" అన్న బోర్డు కింద కాకపోవచ్చు. మందు లివర్‌ని దెబ్బతీస్తుందా అన్నది ప్రతి మందుల కంపెనీకీ తలనొప్పే. కొత్త మందుకి జంతు పరీక్షలు తప్పనిసరి అన్న షరతుని అమెరికా 2022 డిసెంబరులో చట్టం నుంచి తీసేసింది, మన దేశం కూడా 2023లో నిబంధనలు సవరించి మనిషి కణాలతో చేసే పరీక్షలకి చోటిచ్చింది. హైదరాబాద్ దగ్గరి జీనోమ్ వ్యాలీలో ఇలాంటి పరీక్షలు చేసే కంపెనీలున్నాయి. హైదరాబాద్‌లోనే కణాల మీద పరిశోధన చేసే సీసీఎంబీ ఉంది, దగ్గర్లోనే తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది, బెంగళూరులో మూలకణాల పరిశోధన సంస్థ ఇన్‌స్టెమ్ ఉంది. డబ్బు సంగతంటారా, పీహెచ్‌డీ చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్ జేఆర్‌ఎఫ్ వస్తే 2023 నుంచి నెలకు 37,000, పైన ఇంటద్దె. ఫ్లాట్ రాదు. ఫీజుల కోసం మీ దగ్గర చెయ్యి చాచే అవసరం కూడా పెద్దగా రాదు. పీహెచ్‌డీకి ఐదారేళ్లు పడుతుంది, అది దాచను.

ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. ఆ అమ్మాయి ఎందుకు ఈ లివర్ కణాల మీద పడిందో మీ ఉత్తరంలో ఒక్క ముక్క లేదు. సంబంధాల గురించి ఉంది, ఫ్లాట్ గురించి ఉంది. మీరు అడగలేదు కాబట్టే రాయలేదని నా అనుమానం. ఇంట్లో ఎవరికైనా లివర్ జబ్బు చేసిందా? కాలేజీలో ఎవరైనా మేడమ్ బాగా చెప్పారా? ఊరికే యూట్యూబ్‌లో చూసిందా? యూట్యూబే అయినా తప్పు లేదు, కాకపోతే ఈ ఎండాకాలం ఏదైనా ల్యాబ్‌లో నెలా రెండు నెలలు పనిచేయనివ్వండి. ఆదివారాలు కూడా వెళ్లి, ఒక ఫంగస్ ప్లేట్ పారబోసి వచ్చాక కూడా ఇదే కావాలంటే మీరు, నేను చేయగలిగింది ఏమీ లేదు. వద్దంటే మైక్రోబయాలజీ ఉంది, క్వాలిటీ కంట్రోల్ ఉంది, క్లినికల్ రీసెర్చ్ ఉంది, అప్పుడు మళ్లీ రాయండి. సంబంధాల వాళ్లకి అంతవరకు ఆగమని చెప్పండి, ఆగలేనివాళ్లు ఐదేళ్ల పీహెచ్‌డీని ఎలాగూ భరించలేరు.

డిప్లొమాకి అడ్వాన్స్ కట్టారో లేదో రాయలేదు. కట్టకపోతే కట్టకండి. కట్టేసి ఉంటే రసీదు వెనకాల చిన్న అక్షరాల్లో ఉండే రిఫండ్ షరతులు ఈ రాత్రే చదివి, ఆఖరి తేదీ ఎప్పుడో చూసుకోండి.