బోటు ఎగిరెగిరి పడుతుంటే ముందు ఏం చూడాలి: మేనల్లుడికి ఉత్తరం

చిరంజీవి అల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన వీడియో చూశాను. ఒకసారి కాదు, ఆపి ఆపి చూశాను. పున్నమి ఘాట్ నుంచి భవానీ ద్వీపం వైపు బాగానే బయల్దేరావు. వేగం అందుకున్నాక ముక్కు లేవడం, దబ్బున పడడం, మళ్లీ లేవడం మొదలైంది. వెనక కూర్చున్న పిల్లలు కేరింతలు కొడుతున్నారు గానీ, ముందు సీట్లో ఉన్న పెద్దావిడ రెండు చేతులతో కమ్మీ పట్టుకుని ఎలా కూర్చుందో చూశావా? ప్రకాశం బ్యారేజీ నీళ్లను ఆపి ఉంచుతుంది కాబట్టి పొద్దున పూట దానికి ఎగువన అల అనేదే ఉండదు. గాలినీ ఏటినీ తిట్టుకోకు. జబ్బు బోటులోనే ఉంది.

మీ ఓనరు ఇంజను కింది భాగానికి, నీళ్లను తోసే ఫ్యానుకు పైన, అడ్డంగా రెక్కలు బిగించేద్దాం అంటున్నాడని రాశావు. వద్దని చెప్పు. కనీసం ఇప్పుడే వద్దని చెప్పు. జబ్బేమిటో తెలియకుండా మందు కొనడం మనవాళ్లకు బాగా అలవాటు. ఆ రెక్కలు పెడితే ఎగరడం తగ్గినా తగ్గొచ్చు. అసలు కారణం మాత్రం కింద అలాగే ఉండిపోతుంది.

ఇది ఎందుకు జరుగుతుందో ముందు అర్థం చేసుకో. మాన్యువల్‌లో దీన్ని పోర్పాయిజింగ్ అని రాస్తారు. బోటు నెమ్మదిగా పోతున్నప్పుడు అడుగంతా నీళ్లలోనే ఉంటుంది. వేగం వచ్చాక పైకెక్కి, అడుగులో వెనక భాగం కొంత మేర మాత్రమే నీళ్లకు ఆనుకుని పరుగెడుతుంది. అప్పుడు నీళ్లు పైకి తోసే చోటు, బరువు కిందికి లాగే చోటు ఒకదానికొకటి సర్దుకోవాలి. ముక్కు మరీ లేస్తే నీళ్లకు ఆనే భాగం ఇంకా వెనక్కి జరుగుతుంది. ముందు వైపుకు ఆధారం పోయి ముక్కు పడుతుంది. పడగానే ఎక్కువ అడుగు నీళ్లకు తగిలి మళ్లీ పైకి తన్నుతుంది. ఒకసారి మొదలైతే ఆ వేగంలో ఉన్నంతసేపూ దానంతటది ఆగదు. కాబట్టి నువ్వు వెతకాల్సినవి రెండే: ముక్కును లేపుతున్నదేమిటి, వెనకను కిందికి లాగుతున్నదేమిటి.

రేపు పొద్దున్నే, గాలి లేవకముందే బోటు తీయి. ప్రయాణికులు వద్దు. నువ్వూ ఇంకొక కుర్రాడూ చాలు, ఇద్దరూ జాకెట్లు వేసుకోండి. ట్రిమ్ బటన్, అంటే ఇంజను వాలు మార్చే బటన్ నొక్కి ఇంజనును పూర్తిగా లోపలికి, అంటే ఫ్యాను బోటు వైపుకు వచ్చేలా దించు. యాక్సిలరేటర్ మెల్లగా పెంచుతూ పో. ఫోన్‌లో స్పీడ్ చూపించే యాప్ పెట్టుకుని, ఏ వేగం దగ్గర మొదలైందో ఆ కుర్రాణ్ని రాసుకోమను. తర్వాత ట్రిమ్ కొంచెం కొంచెం బయటికి తీస్తూ అదే పరుగు మళ్లీ చెయ్యి. ఇంజను లోపలికి ఉన్నప్పుడు ఎగరకుండా, బయటికి తీస్తేనే ఎగురుతోందంటే నీకు అదృష్టం పట్టినట్టే. పైసా ఖర్చు లేదు, నడిపే అలవాటు మార్చుకుంటే చాలు. బయల్దేరేటప్పుడు పూర్తిగా లోపలికి, పైకెక్కి పరుగందుకున్నాక కొద్దిగా బయటికి. ముక్కు ఆడడం మొదలెట్టగానే మళ్లీ ఒక చుక్క లోపలికి. కొందరు డ్రైవర్లు ముక్కు ఆకాశంలోకి పెట్టి నడిపితే చూడ్డానికి బాగుంటుందని ఎప్పుడూ బయటికే పెట్టి ఉంచుతారు. మీ దగ్గర పాత డ్రైవరు అలాంటివాడేనేమో కనుక్కో. పక్క బోటుకు బటన్ లేదని అన్నావు కదా, దానికి వెనక పలక, అంటే ఇంజను తగిలించే పలక దగ్గర బ్రాకెట్‌లో రంధ్రాల వరస, ఒక పిన్ను ఉంటాయి. పిన్ను పలకకు దగ్గర రంధ్రంలోకి మార్చడమే దాని ట్రిమ్.

పూర్తిగా లోపలికి పెట్టినా ఎగురుతోందంటే బరువు సంగతి చూడాలి. నాకు అసలు అనుమానం ఇక్కడే ఉంది. పాత 40 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ తీసేసి 60 ఫోర్ స్ట్రోక్ పెట్టించారని రాశావు. పాతది 80 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. కొత్తది 110 కిలోల చుట్టుపక్కల. అంటే బోటు చిట్టచివర, ఎక్కడైతే పెరగకూడదో అక్కడే 30 కిలోలు పెరిగింది. దాని పక్కనే బ్యాటరీ, దాని పక్కనే 25 లీటర్ల పెట్రోలు ట్యాంకు, అది నిండితే పెట్రోలే 18 కిలోల పైన. సెల్ఫీల కోసం వెనక సీట్లో ఇరుక్కునే నలుగురు సరేసరి. స్కూటర్ వెనక రెండు బస్తాలు కడితే హ్యాండిల్ తేలిపోతుంది చూడు, అదే ఇది. బోటుకు కంపెనీవాడు అంటించిన పలక మీద గరిష్ఠ హార్స్‌పవర్ ఎంతని ఉందో ముందు చదువు. 60 దానికి ఎక్కువైతే ఈ ఉత్తరం ఇక్కడే మూసేసి ఓనరుతో ఆ మాట మాట్లాడు.

బరువును పరీక్షించడానికి బెజవాడలో దొరకని వస్తువేమీ అక్కర్లేదు. మంచినీళ్ల క్యాను ఉంది కదా, 20 లీటర్లది. నింపితే 20 కిలోలు, కాటా కూడా అవసరం లేదు. రెండు క్యాన్లు నింపి ముక్కు దగ్గర తాడుతో గట్టిగా కట్టు. వదులుగా పెడితే దొర్లి ఎవరి కాలి మీదో పడతాయి. మళ్లీ పరుగు తీయి. ఎగరడం ఆగినా, మొదలయ్యే వేగం బాగా పైకి జరిగినా, దోషం బరువుదే. అలాగని ఆ క్యాన్లు అక్కడే ఉంచేయకు. అది పరీక్ష మాత్రమే. చచ్చు బరువును మోయడం కన్నా ఉన్న బరువును ముందుకు జరపడం మేలు. బ్యాటరీని స్టీరింగ్ కిందికి తీసుకురా. అయితే దూరం పెరిగింది కాబట్టి పాత కేబులుకే ఇంకో ముక్క అతికించొద్దు. లావు కేబులు వేయించు, లేకపోతే స్టార్టరుకు కరెంటు చాలక పొద్దున్నే మొరాయిస్తుంది. పెట్రోలు ట్యాంకు జరపాలంటే గాలి ఆడే చోటే చూసుకో. మూత వేసిన పెట్టెలాంటి చోట పెడితే ఆవిరి పేరుకుంటుంది, ఆ పక్కనే బ్యాటరీ నిప్పురవ్వ చాలు.

కనపడని బరువు ఒకటుంది. చాలామంది చూడరు. ఈ ఫైబర్ బోట్లకు పైన మనం నడిచే నేల, కింద అసలు అడుగు, మధ్యలో మునగకుండా నురుగు నింపి ఉంటుంది. ఎక్కడో ఒక స్క్రూ రంధ్రం నుంచి నీళ్లు లోపలికి దిగితే ఏళ్ల తరబడి ఆ నురుగు తాగుతూనే ఉంటుంది. కాకినాడలో ఒక బోటు ఇలాగే ఎగురుతోందని తెచ్చారు. అప్పటికే ఫ్యాను మార్చారు, రెక్కలు బిగించారు. నేల మీద పిడికిలితో కొట్టుకుంటూ వెనక్కి వచ్చాను. ముందు వైపు డొల్లగా మోగింది. వెనక సీటు కింద శబ్దం చచ్చిపోయింది. అక్కడ చిన్న రంధ్రం వేయించి లోపలి నురుగు గిల్లి తీస్తే వేళ్ల మధ్య నీళ్లు కారాయి, బురద వాసన. ఆ భాగమంతా కోసి తీసేదాకా ఏ మందూ పని చేయలేదు. నీ బోటుకూ ఇలా కొట్టి చూడు. గట్టు మీదికి లాగి, ముక్కు ఎత్తులో పెట్టి, వెనక నీళ్లు వదిలే బిరడా తీసేసి ఒక రాత్రంతా వదిలెయ్యి. తెల్లారినా ఇంకా బొట్లు బొట్లుగా కారుతుంటే లోపల నిల్వ ఉన్నట్టే.

బోటు గట్టు మీద ఉండగానే అడుగు కూడా చూసెయ్యి. తాపీమేస్త్రి దగ్గర ఆరడుగుల అల్యూమినియం పట్టె అడిగి తెచ్చుకో. వెనక పలక అంచు నుంచి ముందుకు, మధ్య దూలానికి సమాంతరంగా, ఒకసారి మధ్యకు దగ్గరగా, ఒకసారి పక్క అంచుకు దగ్గరగా, రెండు వైపులా ఆనించు. అటు వైపు టార్చి పెట్టించు. వెనక ఐదడుగులూ పట్టెకు సమంగా ఆనాలి. పట్టె మధ్యలో ఆని రెండు చివర్లూ ఊగుతున్నాయంటే అడుగు బయటికి ఉబ్బింది. అలాంటి అడుగు వెనకను కిందికి పీల్చి ముక్కును లేపుతుంది. చివర్లు ఆని మధ్యలో వెలుతురు కనిపిస్తే లోపలికి వంగిందన్నమాట, అది ముక్కును తొక్కి వేగం తినేస్తుంది గానీ మామూలుగా ఇలా ఎగరనివ్వదు. ట్రాలీ మీద బోటును ఎలా ఆనిస్తున్నారో కూడా చూడు. కింది బద్దెలు వెనక పలక దాకా రావాలి. అక్కడక్కడా దిమ్మలు పెట్టి నెలల తరబడి వదిలేస్తే ఫైబర్ వంపు తిరిగిపోవచ్చు.

ఇంకొక ముఖ్యమైన చోటుంది, అడుగూ వెనక పలకా కలిసే మూల. వేలితో తడిమి చూడు. అది పదునుగా, మూలమట్టం పెట్టినట్టు ఉండాలి. మన దగ్గర బోట్లను ఇసుక మీద, సిమెంటు గట్టు మీద వెనక నుంచి ఈడ్చేస్తారు కాబట్టి ఆ మూల అరిగి గుండ్రంగా అయిపోతుంది. పదును ఉంటే నీళ్లు అక్కడ ఠక్కున తెగి విడిపోతాయి. గుండ్రమైతే విడవకుండా ఆ వంపును పట్టుకుని పైకి పాకుతాయి, పాకుతూ వెనకను కిందికి లాగుతాయి. చూడ్డానికి ఇంతే కదా అనిపిస్తుంది, బోటు నడకను మాత్రం మార్చేస్తుంది.

దీన్ని నువ్వే బాగు చేయొచ్చు. ఆ మూలకు రెండు వైపులా రంగు పోయి ఫైబర్ కనిపించేదాకా గరుకు కాగితంతో రుద్దు. కడిగి రెండు రోజులు బాగా ఆరనివ్వు. ఒక నున్నటి చెక్కకు ప్యాకింగ్ టేపు చుట్టి, వెనక పలకకు ఆనించి, అడుగు మట్టం దాటి కొంచెం కిందికి వచ్చేలా క్లాంపులతో బిగించు. రెసిన్ టేపుకు అంటుకోదు, చెక్క ఊడి వచ్చేస్తుంది. ఆ సందులో ఎపాక్సీ, తరిగిన ఫైబర్ మ్యాట్ పోగులు కలిపి కూరి నింపు. ఉత్తి పుట్టీ మాత్రం పెట్టకు, మొదటిసారి గట్టుకు తగలగానే పెళ్లగా ఊడుతుంది. గట్టిపడ్డాక పట్టె ఆనించి చూసుకుంటూ ఆకురాయితో మట్టానికి తెచ్చుకో. కళ్లజోడు, మాస్కు, గ్లవుజులు లేకుండా ముట్టుకోకు. బెజవాడ ఎండ సంగతి నీకు చెప్పక్కర్లేదు, మధ్యాహ్నం కలిపితే డబ్బాలోనే గడ్డకట్టి కూర్చుంటుంది. తెల్లవారుజామున కొంచెం కొంచెం కలుపుకో. ఆ తర్వాత ఈడ్చడం మానండిరా. ఇంకో ఇద్దరు కుర్రాళ్లను పిలవండి.

ఇంజను ఎత్తు కూడా గమనించు. ఫ్యాను పైన పళ్లెంలా అడ్డంగా ఒక రేకు ఉంటుంది. ఇంజను నిటారుగా ఉన్నప్పుడు అది బోటు అడుగుకు సమంగానో, ఒక అంగుళం పైననో ఉండాలి. ఇంజను మార్చినప్పుడు పొడుగు షాఫ్టుది, పొట్టి షాఫ్టుది చూడకుండా తగిలించేవాళ్లున్నారు. 15 అంగుళాల ఎత్తున్న వెనక పలకకు 20 అంగుళాల షాఫ్టు పెడితే మిగతా లెక్కలన్నీ తప్పుతాయి. ఫ్యాను రెక్కలు వంగి ఉంటే సరిచేయించు. కొన్ని రకాల ఫ్యాన్లు ముక్కును లేపుతాయి, నాలుగు రెక్కలవి సాధారణంగా వెనకను లేపుతాయి. అయినా నేను ఫ్యాను జోలికి ఆఖరున పోతాను, ఖర్చెక్కువ.

ఇవన్నీ సరిగ్గా ఉండి, ఇంజను ఇంకా లోపలికి రాదు అనుకున్నప్పుడు, పలకకూ ఇంజను బ్రాకెట్‌కూ మధ్య వాలుగా కోసిన ముక్కలు పెట్టొచ్చు. మందపు వైపు పైకి, పలచని వైపు కిందికి. తిరగేసి పెడితే జబ్బు ముదురుతుంది. బోల్టులు ఆ మేరకు పొడుగువి కావాలి, పాతవే సరిపెట్టకు. అప్పటికీ మిగిలితే వెనక పలక కింద రెండు వైపులా ట్రిమ్ ట్యాబ్‌లు, అంటే వాలు మార్చుకునే రేకులు, అదీ కాకపోతే మీ ఓనరు అన్న రెక్కలు. చిన్న బోట్లకు అవి పని చేస్తాయి, నేను కాదనను. కానీ ముక్కును మరీ తొక్కేస్తే ఇంకో ప్రమాదం ఉంది. పక్క బోటు లేపిన అలలో ముక్కు దిగబడి బోటు ఉన్నట్టుండి పక్కకు తిరిగిపోతుంది. అందుకే ఏది బిగించినా మొదట ఖాళీగా, తక్కువ వేగంలో, రెండు వైపులా మలుపులు తిప్పి చూడు.

బాగయ్యేదాకా ఎగరడం మొదలైన వేగానికి బాగా కిందే నడుపు. పొరపాటున మొదలైతే యాక్సిలరేటర్ కొంచెం కొంచెంగా తగ్గించు. ఒక్కసారి వదిలేస్తే వెనక నుంచి నీ అలే వచ్చి బోటులోకి ఎక్కుతుంది. ముసలివాళ్లను, గర్భిణులను, నడుం నొప్పి ఉన్నవాళ్లను ముక్కు దగ్గర కూర్చోబెట్టకు. అక్కడే కుదుపు ఎక్కువ, ఎగిరి కూర్చుంటే వెన్నుపూస నలుగుతుంది. కిల్ స్విచ్ తాడు, అదే నువ్వు పడిపోతే ఇంజనును ఆపేసే తాడు, చేతికి తగిలించుకోవడం మానొద్దు. జాకెట్ల గురించి నీకు వేరే చెప్పాలా, 2017 నవంబరులో పవిత్ర సంగమం దగ్గర పడవ తిరగబడి ఇరవై మందికి పైగా పోయింది మీ ఇంటికి ఎంత దూరంలో?

థ్రిల్ బాగుంది, జనం ఇష్టపడుతున్నారు, అలాగే వదిలేద్దాం అని మీ ఓనరు అంటాడు. ఆ కుదుపు ఇంజను బరువంతా తెచ్చి వెనక పలక మీద కొడుతుందని, పలక చీలితే వారం రోజుల గిరాకీ పోతుందని చెప్పు. నడుం నొప్పి మాట వినని మనిషి గిరాకీ మాట వింటాడు.

పట్టె పెట్టినప్పుడు ఎక్కడెక్కడ ఎంత సందు వచ్చిందో కాగితం మీద బొమ్మ గీసి ఫోటో పంపు. మూల మీద ఒక రూపాయి బిళ్ల పెట్టి దగ్గర నుంచి ఇంకో ఫోటో. అది చూసి ఎపాక్సీ ఎంత కావాలో చెబుతాను, ఇక్కడ జగన్నాథపురంలో బోట్లు కట్టేవాళ్ల దగ్గర తీసుకుని బస్సుకు వేస్తాను. ఇంజను బోల్టులు మాత్రం నాతో మాట్లాడకుండా విప్పకు. మీ అమ్మను అడిగానని చెప్పు.

మీ మామయ్య
కాకినాడ