ఎల్‌ఎల్‌బీ చదివి కొన్నేళ్లు ఇంట్లో ఉన్నాక, అమెరికాలో ఏం ఉద్యోగం చూసుకోవాలి?

రంగారెడ్డి కోర్టులో కొన్నాళ్లు ప్రాక్టీసు చేసి, పెళ్లయ్యాక హెచ్4 (హెచ్1బీ మీద పనిచేసేవాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మీద ఇక్కడికొచ్చి, పిల్లల పనిలో ఏళ్లు గడిచిపోయాక, నా ఎల్‌ఎల్‌బీ ఇక్కడ పనికొస్తుందా అని అడిగేవాళ్లు తరచూ తగులుతుంటారు. పనికొస్తుంది, లాయరుగా మాత్రం వెంటనే కాదు.

ముందు వీసా సంగతి. హెచ్4 మీద ఉద్యోగం చెయ్యాలంటే ఈఏడీ, అంటే పని చేసుకునే అనుమతి కార్డు కావాలి, 2015 నుంచి ఉన్న రూలు ప్రకారం అది రావాలంటే మామూలుగా మీ ఆయనకు ఐ-140 (గ్రీన్ కార్డు కోసం సాధారణంగా కంపెనీ వేసే పిటిషన్) అప్రూవ్ అయ్యుండాలి. అది లేకపోతే చదువుకోండి, అంతేగానీ జీతం తీసుకోను కదా అని ఎవరి ఆఫీసులోనూ పనికి కూర్చోకండి.

చుట్టాలంతా బార్, అంటే లాయరు లైసెన్సు పరీక్ష, రాయమనే అంటారు. కాలిఫోర్నియాలో అయితే మన దగ్గర లాయరుగా ఎన్‌రోలై గుడ్ స్టాండింగ్‌లో (ఎన్‌రోల్‌మెంటు సక్రమంగా నడుస్తూ) ఉన్నవాళ్లు నేరుగా పరీక్ష రాయొచ్చు, కాబట్టి బార్ కౌన్సిల్‌లో మీ పేరు ఏ స్థితిలో ఉందో ఇప్పుడే కనుక్కోండి. న్యూయార్క్‌లో మన డిగ్రీని పరిశీలించి, లోటుంటే చాలాసార్లు 24 క్రెడిట్ల ఎల్‌ఎల్‌ఎం (లాలో మాస్టర్స్) ఇక్కడ చెయ్యమంటారు, దాని ఫీజు వింటే గుండె గుభేలుమంటుంది. కోర్టులో వాదించాలన్న పట్టుదల ఉంటే తప్ప అంత డబ్బు పొయ్యమని నేను చెప్పను.

నన్నడిగితే కాంట్రాక్టుల వైపు వెళ్లండి. కాంట్రాక్ట్ స్పెషలిస్ట్, కంప్లయెన్స్ అనలిస్ట్ (కంపెనీ రూల్స్ పాటిస్తోందో లేదో చూసేవాళ్లు) లాంటి వాటికి సాధారణంగా బార్ లైసెన్సు అడగరు. కాంట్రాక్టుల పని ఏమిటంటారా, సాఫ్ట్‌వేర్ అమ్మేవాడు పంపిన అగ్రిమెంటులో ఏ పదకొండో పేజీలోనో, వద్దని 60 రోజుల ముందు రాసివ్వకపోతే ఇంకో ఏడాదికి దానంతటదే రెన్యూ అవుతుందని ఉంటుంది, అది పట్టుకోవాలి. సేల్ డీడ్‌లో సర్వే నంబరూ హద్దులూ ఒకటికి రెండుసార్లు సరిచూసిన కన్ను మీది, ఇదెంత? రెజ్యూమెలో ఏ కోర్టు, ఎన్ని కేసులు అని కాకుండా ఏయే అగ్రిమెంట్లు రాశారో, ఏం సరిదిద్దారో పెట్టండి. బ్యాంకుల వైపు మనసుంటే క్యామ్స్ (మనీ లాండరింగ్‌ను అడ్డుకునే పనికి), డేటా ప్రైవసీ అయితే సీఐపీపీ సర్టిఫికెట్ ఉపయోగం. గ్యాప్ గురించి అడిగితే పిల్లల్ని చూసుకున్నానని ఒక్క ముక్కలో చెప్పి ఊరుకోండి, సంజాయిషీలు వద్దు.

ఇంకోటి, గుడిలో ఎవరో ఒకరు "నువ్వు లాయరువట కదమ్మా, మావాడి గ్రీన్ కార్డు కాగితాలు కాస్త చూడు" అంటారు. మొహమాటపడకుండా కుదరదని చెప్పండి, లైసెన్సు లేకుండా ఇక్కడ న్యాయ సలహా ఇవ్వడం నేరమయ్యే రాష్ట్రాలున్నాయి.