వాల్ట్జ్‌కి, ఫిగర్ స్కేటింగ్‌కి ఒకే పాట పనికొస్తుందా?

పాట తిస్రగతిలో, అంటే మూడు దెబ్బల నడకలో ఉంటే రెండిటికీ సరిపోతుందనుకుంటారు. జంటగా ఆడే వాల్ట్జ్ నృత్యానికి అది సగమే, వేగం కూడా కలవాలి. పోటీల్లో స్లో వాల్ట్జ్‌కి నిమిషానికి 28–30 బార్లు (మూడు బీట్లు కలిస్తే ఒక బార్), అంటే 84–90 బీట్లు. వేగంగా తిరిగే వియన్నీస్ వాల్ట్జ్‌కి 174–180 బీట్లు. పావు నిమిషంపాటు "ఒకటి, రెండు, మూడు"లో ఒకటిని మాత్రమే లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి, బార్లు తేలతాయి. 120 బీట్ల పాట ఈ రెండు వాల్ట్జ్‌లకీ చెడ్డదే: స్లో వాల్ట్జ్‌లో మునివేళ్ల మీదికి లేచి దిగే వ్యవధి ఉండదు, వియన్నీస్‌లో తిరుగుడు నీరసపడుతుంది. మన సినిమా పాటల్లో ఢోలక్ ఊపు ఆ "ఒకటి"ని కప్పేస్తే కొత్తవాళ్లు అడుగు తప్పుతారు. వేగం మార్చాల్సి వస్తే ఐదు శాతం లోపే మార్చండి, మించితే గొంతు సాగినట్టు వినిపిస్తుంది.

స్కేటింగ్ సంగతి వేరు. మొదటినుంచి చివరిదాకా ఒకే నడకైతే విసుగు. సీనియర్ సింగిల్స్‌లో (పెద్దల ఒంటరి పోటీలో) రెండు ప్రదర్శనలుంటాయి: షార్ట్ ప్రోగ్రామ్ 2 నిమిషాల 40 సెకన్లు, ఫ్రీ స్కేటింగ్ 4 నిమిషాలు, అటూ ఇటూ 10 సెకన్ల వెసులుబాటు. అది దాటితే ప్రతి 5 సెకన్లకూ ఒక పాయింటు కోత. లెక్క మొదలయ్యేది పాటతో కాదు, స్కేటర్ తొలి కదలికతో. సింగిల్స్‌లో సాహిత్యమున్న పాటలకు 2014–15 సీజన్ నుంచి అనుమతి ఉంది. కత్తిరింపు చరణం మధ్యలో కాకుండా పల్లవి ముగిసే చోట చేయండి.