తండ్రిని తీసేసిన సినిమా

తమ్ముడికి, ఆశీస్సులు.

‘పీటర్ పాన్’ నాటకం రాసిన బ్యారీకీ, సిల్వియా అనే ఆవిడ పిల్లలకీ కుదిరిన స్నేహం మీద తీసిన సినిమా ‘ఫైండింగ్ నెవర్‌ల్యాండ్’ గురించి నువ్వు రాసిన వ్యాసం చదివాను. ప్రేక్షకుల అభిప్రాయాలు ఓపిగ్గా పోగేశావు. వెక్కి వెక్కి ఏడ్చామన్నవాళ్లు ఉన్నారు, అంతా అబద్ధమన్నవాళ్లు ఉన్నారు, నలభై దాటిన మనిషికి ఆ పిల్లలతో ఏం పని అని అనుమానపడ్డవాళ్లూ ఉన్నారు. నువ్వే లేవు. చివర్లో ‘ఎవరి అభిప్రాయం వాళ్లది’ అని తప్పుకున్నావు. అది నాకు నచ్చలేదు. సినిమా చూసి నీకేమనిపించిందో ఒక్క వాక్యం కూడా రాయకుండా పదిమంది మాటలు వరసపెడితే పాఠకుడికి నువ్వు ఇచ్చిందేమిటి?

ముందు ఏడ్చినవాళ్ల సంగతి. వాళ్లని ‘సెంటిమెంట్ బ్యాచ్’ అని ఒక్క మాటలో తోసేశావు. తొందరపడ్డావు. సిల్వియా జబ్బుతో థియేటర్‌కి రాలేని స్థితిలో ఉంటే బ్యారీ నాటకాన్నే వాళ్లింటికి తెస్తాడు చూడు, ఆ సీన్ మళ్లీ చూడు. నాటకంలోని బుల్లి దేవకన్య టింకర్ బెల్ ప్రాణం నిలవాలంటే చప్పట్లు కొట్టండి అని అడిగినప్పుడు ముందుగా చేతులు కలిపేది ఎవరు? అప్పటిదాకా బ్యారీని గుమ్మం తొక్కనివ్వకూడదని చూసిన పిల్లల అమ్మమ్మ. కూతురు దక్కదని ఆవిడకి తెలుసు. ఆ చప్పట్లు ఎందుకు కొట్టిందో అర్థమైనవాళ్లే ఏడ్చారు. అది చవకబారు కన్నీరు కాదు. ఏ సీన్ దగ్గర, ఎందుకు కదిలిపోయారో రాసి ఉంటే నీ వ్యాసానికి ప్రాణం వచ్చేది.

ఇక ‘అంతా అబద్ధం’ అన్నవాళ్లు. వాళ్ల దగ్గర ఆధారాలున్నాయి, కానీ నువ్వు అన్నిటినీ ఒకే గాటన కట్టేశావు. అయిదుగురు పిల్లల్ని నలుగుర్ని చేశారు. 1897లో లండన్‌లోని కెన్సింగ్టన్ గార్డెన్స్ పార్కులో మొదలైన పరిచయం నాటకానికి ఒక్క ఏడాది ముందే అయినట్టు చూపించారు. 1910లో పోయిన సిల్వియాని 1904 డిసెంబరులో నాటకం మొదలైన కొద్ది రోజులకే చంపేశారు. రెండు గంటల్లో కథ చెప్పాలి కాబట్టి కాలాన్ని కుదించారు, సరే. ఆర్థర్‌ని తీసెయ్యడం మాత్రం వేరు.

సినిమాలో సిల్వియా వితంతువు. నిజానికి బ్యారీ ఆ పిల్లలకి దగ్గరైనప్పుడు వాళ్ల నాన్న ఆర్థర్ లువెలిన్ డేవిస్ నిక్షేపంగా ఉన్నాడు. లాయరు. నాటకం మొదటి ప్రదర్శన నాటికీ బతికే ఉన్నాడు. 1906లో దవడకి క్యాన్సర్ వచ్చింది. ఆపరేషన్ చేసి పైదవడలో కొంత తీసేశారు, మాట పోయింది. తన ఇంట్లో ఎప్పుడు చూసినా కనిపిస్తుంటే ఏ మనిషిని చూసి చిరాకుపడ్డాడో ఆ బ్యారీయే ఖర్చు భరించి, మంచం పక్కన కూర్చున్నాడు. ఆర్థర్ చెప్పదలచుకున్నది కాగితాల మీద రాసి చూపించేవాడు. 1907లో పోయాడు.

ఆలోచించు. భర్త లేని ఇంటికి ఒక మంచి మనిషి నవ్వులు తెచ్చాడనేది ఒక కథ. తండ్రి ఉన్న ఇంట్లోకి ఇంకొకడు వచ్చి పిల్లల మనసుల్లో చోటు సంపాదించాడనేది ఇంకో కథ. రెండోది ఎంత కష్టమైన కథో, అందులో ఆర్థర్ ఎంత పెద్ద మనసున్నవాడో, బ్యారీ ఎంత చిక్కుముడి మనిషో! ఆ తండ్రిని ముందే చంపేసి సినిమా బ్యారీ పని సుళువు చేసింది. ఇది తేదీలు మార్చడంలాంటిది కాదు. ఒక మనిషి పడ్డ బాధని లేకుండా చెయ్యడం. నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

అనుమానపడ్డవాళ్లకీ ఇక్కడే సమాధానం ఉంది. సినిమాలో క్రికెట్ మ్యాచ్ దగ్గర షెర్లాక్ హోమ్స్ కథల రచయిత కానన్ డాయల్ ఆ పుకారు బ్యారీ చెవిన వేస్తాడు, కథ దాన్ని ముట్టుకుని పక్కకి తప్పుకుంటుంది. బ్యారీ, ఆ పిల్లల కథనే 1978లో బీబీసీకి ఆండ్రూ బర్కిన్ మూడు భాగాల్లో రాసిన టీవీ సిరీస్ ‘ది లాస్ట్ బాయ్స్’ తప్పుకోలేదు. ఆఖరివాడు నికో అప్పటికి బతికే ఉన్నాడు, బ్యారీలో అలాంటి వంకర ఏదీ తాను చూడలేదని బర్కిన్‌కి గట్టిగా చెప్పాడు. సినిమా తీసేసిన ఆ అయిదోవాడు ఈ నికోనే. ఆ సిరీస్ చూడకుండా ఈ వ్యాసం పూర్తి చెయ్యకు.

అలాగని కల్పన మొత్తం తప్పంటే నేనొప్పుకోను. సినిమాలో నాటకం అయ్యాక ఎవరో ఆ పిల్లల్లో ఒకడైన పీటర్‌ని చూసి ‘నువ్వేనా పీటర్ పాన్!’ అని మురిసిపోతే, ఆ పిల్లాడు బ్యారీని చూపించి ‘నేను కాదు, ఈయన’ అంటాడు. ఆ మాట సినిమా రాసినవాళ్లది. కానీ అసలు పీటర్‌కి ఆ పేరు జీవితాంతం మెడకి చుట్టుకుంది. పెద్దై పుస్తకాల ప్రచురణకర్త అయ్యాడు, అయినా జనం వదల్లేదు. 1960లో లండన్ స్లోన్ స్క్వేర్ స్టేషన్‌లో రైలు కింద పడి ప్రాణం తీసుకుంటే, పత్రికలు హెడ్డింగుల్లో పీటర్ పాన్ అనే రాశాయి. బతికుండగా ఎవరూ వినిపించుకోని మాటని సినిమా ఏడేళ్ల పిల్లాడి చేత అనిపించింది. ఆర్థర్‌కి అన్యాయం చేసిన కల్పనే పీటర్‌కి న్యాయం చేసింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి రాయి. నీ వ్యాసానికి అసలు విషయం అదే.

కాబట్టి మొదటి రెండు పేజీలు తీసెయ్. నటీనటుల పేర్లు, ఆస్కార్ నామినేషన్లు ఒక పేరాకి మించొద్దు. ప్రేక్షకుల్లో ముగ్గురి మాటలే ఉంచు, ఒక్కొక్కరి మాట ఏ సీన్ గురించో చెప్పు, ఆ తర్వాత నీ మాట చెప్పు. తప్పని తేలితే ఎవరైనా దిద్దుతారు, దానికి టెన్షన్ పడకు. బర్కిన్ సిరీస్ చూశాక తిరగరాసి పంపు. ఆర్థర్ గురించిన భాగం ముందు చదువుతాను.

నీ అక్క