హైబ్రిడ్ అయినా అది గంజాయే

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా కొల్లిపర మండలం. రెండెకరాల్లో పసుపు వేస్తాను. కాలిఫోర్నియాలో ‘బ్లూ డ్రీమ్’ అనే హైబ్రిడ్ గంజాయిని కొట్లలోనే అమ్ముతారని అక్కడున్న మా అబ్బాయి చెప్పాడు. ఇప్పుడు ఒకాయన మా ఊరొచ్చి, ఆ గింజలే ఇస్తానంటున్నాడు. గింజ ఒక్కటి 500 రూపాయలట. ‘ఇది మామూలు గంజాయి కాదు, హైబ్రిడ్. టెర్పీన్లు ఉంటాయి, మందులకు పోతుంది, పంట మేమే కొంటాం’ అంటున్నాడు. పసుపు మధ్యలో పది సెంట్లు వేయవచ్చా?

జవాబు: వేయకండి. అడ్వాన్సు ఇచ్చి ఉంటే ఆ డబ్బు పోయినా ఫర్వాలేదు, గింజ మాత్రం నేలలో పెట్టకండి. ఆయన చెప్పినదాంట్లో కొంత నిజం ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది కాబట్టి కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందు హైబ్రిడ్ సంగతి. మిర్చిలో హైబ్రిడ్ అంటే రెండు స్థిరమైన వంగడాలను కలిపి తీసిన మొదటి తరం విత్తనం. చేనంతా ఒకే తీరుగా ఉంటుంది. గంజాయి వ్యాపారంలో ఆ మాటను అలా వాడరు. పొడవుగా, సన్నాకుతో పెరిగేదాన్ని సటైవా అంటారు, పొట్టిగా, వెడల్పాకుతో ఉండేదాన్ని ఇండికా అంటారు, రెండూ కలిస్తే హైబ్రిడ్ అంటారు. ఇండికా అన్న పేరు 1785లో లామార్క్ మన దేశపు మొక్కను చూసి పెట్టిందే. బ్లూ డ్రీమ్ అనేది బ్లూబెర్రీ, హేజ్ రకాల సంకరం. ఇలాంటి రకాల గుణం మారకుండా ఉండాలని మంచి ఆడ మొక్క కొమ్మలు కత్తిరించి నాటుకుంటారు. గింజ వేస్తే ఏ మొక్కకు ఆ మొక్కే. హైబ్రిడ్ మిర్చి కాయలోంచి గింజ తీసి మళ్లీ వేస్తే చేను ఎలా తయారవుతుందో మీ చుట్టుపక్కల రైతులకు తెలుసు, ఇదీ అంతే. పైగా దీనిలో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. పుప్పొడి గాలికి కొట్టుకొస్తుంది. 500 పెట్టి కొన్న గింజ మీద రాసిన పేరుకు పూచీ ఎవరూ ఇవ్వలేరు.

టెర్పీన్లు ఉన్న మాట నిజమే. అవి వాసననిచ్చే నూనెలు. కానీ గంజాయికి మాత్రమే ఉన్నవి కావు. మిర్సీన్ మామిడికాయలో ఉంది. లిమోనీన్ నారింజ తొక్కలో, లినలూల్ ధనియాల్లో, కారియోఫిలీన్ మిరియాల్లో, లవంగాల్లో ఉన్నాయి. మన వంటింట్లో రోజూ వాడుతున్నవే. వాటివల్ల ఎవరికీ మత్తు రాదు.

మత్తునిచ్చేది టీహెచ్‌సీ. ఆడపూత మీద ఉండే సన్నని జిగురు నూగులో టెర్పీన్లు, టీహెచ్‌సీ రెండూ తయారవుతాయి, అందుకే ఈ రెండింటినీ కలిపేసి మాట్లాడతారు. మొక్క మొదట సీబీజీ ఆమ్లం అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. దాన్ని ఒక జన్యువు టీహెచ్‌సీ ఆమ్లంగా, మరో జన్యువు మత్తునివ్వని సీబీడీ ఆమ్లంగా మారుస్తాయి. తల్లి నుంచి, తండ్రి నుంచి ఏవి వచ్చాయన్న దాన్నిబట్టి మొక్కలో ఏది ఎక్కువో తేలుతుంది. ఆకు వెడల్పు చూసి ఇది చెప్పలేం. వేడి తగిలాక టీహెచ్‌సీ ఆమ్లం అసలు టీహెచ్‌సీ అవుతుంది. బ్లూ డ్రీమ్ టీహెచ్‌సీ ఎక్కువుండే రకం, మత్తు కోసం పెంచేదే. సటైవా హుషారిస్తుంది, ఇండికా నిద్రపుచ్చుతుంది అనే ప్రచారం కూడా నమ్మదగింది కాదు. ఆ పేర్లకూ లోపలి జన్యువులకూ సరిగా పొంతన కుదరడం లేదు. గుండె దడ, టెన్షన్, మతిమరుపు మాత్రం ఏ పేరుతో అమ్మినా రావచ్చు. చిన్న వయసులో అలవాటైతే మానసిక జబ్బు ముప్పు పెరుగుతుంది. మీ ఊళ్లోనూ పిల్లలున్నారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

మందు మాట కూడా పూర్తిగా అబద్ధం కాదు. సీబీడీతో చేసిన మూర్ఛ మందుకు అమెరికాలో 2018లో అనుమతి వచ్చింది. అది లెక్క ప్రకారం ఫ్యాక్టరీలో తయారైన మందు. పది సెంట్లలో పండించి చేతికిచ్చే సరుకుతో దానికి సంబంధం లేదు.

ఇక చట్టం. 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నిరోధక) చట్టంలో గంజాయి మొక్క సాగే నేరం. పదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష దాకా జరిమానా పడవచ్చు. హైబ్రిడ్‌కు మినహాయింపు లేదు. నార కోసం, గింజ కోసం సాగుకు ప్రభుత్వం ప్రత్యేకంగా అనుమతి ఇవ్వవచ్చు. ఉత్తరాఖండ్‌లో అలాగే లైసెన్సు మీద, టీహెచ్‌సీ 0.3 శాతం లోపుండే నార గంజాయికి (హెంప్) ఇచ్చారు. బ్లూ డ్రీమ్ లాంటి రకం ఆ లెక్కలోకి రానే రాదు. పంట దొరికితే ఆ అమ్మినాయన కనపడడు, పాసు పుస్తకంలో మీ పేరుంటుంది. ఆయన మళ్లీ వస్తే మీ వీఆర్వోకు గానీ, మత్తు పదార్థాల మీద ఫిర్యాదులు తీసుకునే 1972 ఫోన్ నంబరుకు గానీ చెప్పండి.

టెర్పీన్ల మీద నిజంగా ఆసక్తి ఉంటే అవి మీ చేలోనే ఉన్నాయి. పసుపు ఆకును ఆవిరి పట్టి నూనె తీస్తారు. అందులో ఫెలాండ్రీన్ అనే టెర్పీన్ బాగా ఉంటుంది. తవ్వకానికి ముందు కోసి గట్టున పారేసే ఆకే అది. మీరొక్కరే డిస్టిలేషన్ యూనిట్ పెట్టుకుంటే గిట్టదు. నిమ్మగడ్డి వేసే రైతులు దగ్గరలో ఉంటే వాళ్ల యూనిట్‌లోనే మీ ఆకూ వేయించవచ్చు. నూనె కొనేవాళ్లను ముందే చూసుకోండి, అది తేలకుండా పైసా పెట్టవద్దు. హైదరాబాద్ బోడుప్పల్‌లో సీమ్యాప్ (కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ) పరిశోధన కేంద్రం ఉంది, సుగంధ పంటల మీద వాళ్లు రైతులకు సలహాలిస్తారు. ఈసారి ఆకు కోతకు నెల ముందే వాళ్లతో మాట్లాడండి.