పదకొండేళ్ల సర్వీసు పక్కన పెట్టండి, చివరి పన్నెండు నెలలు చూపించండి

ప్రశ్న: సార్, మా ఆయన తెలంగాణలో ఒక మున్సిపాలిటీలో 2013 నుంచి పనిచేశాడు. పార్కులో మొక్కలకి నీళ్లు పెట్టడం, గడ్డి కోయడం, ఆఫీసు బిల్డింగులో బోరు మోటారు, ట్యాంకులు కడగడం, డ్రైనేజీ జామ్ అయితే తీయడం అన్నీ ఆయనే. మొదట్లో మస్టర్ (రోజువారీ హాజరు పట్టీ) మీద మున్సిపాలిటీయే జీతం ఇచ్చేది, 2019 నుంచి ఏజెన్సీ పేరు మీదకి మార్చారు, పని మాత్రం అదే. హరితహారం మొక్కల్ని బిడ్డల్లా సాకాడు, కరోనాలో కూడా ఒక్కరోజు మానలేదు. 2024 సెప్టెంబర్ 2న పొద్దున వెళ్తే ఇక రావద్దన్నారు, కాగితం ఏమీ ఇవ్వలేదు. తెలిసినాయన ఒకరు రిటైరైన ఇన్‌స్పెక్టర్‌తో పాత తేదీ వేసి సర్వీస్ సర్టిఫికెట్ ఇప్పిస్తానంటున్నాడు, 20 వేలు అడుగుతున్నాడు. హైకోర్టులో రిట్ వేస్తే పర్మినెంట్ అవుతుందా? పాల లెక్క రాసుకునే క్యాలెండర్లో ఆయన డ్యూటీకి వెళ్లిన రోజులు కూడా నేను టిక్ పెట్టేదాన్ని, అదేమన్నా పనికొస్తుందా?

జవాబు: అమ్మా, మీరు పంపిన ఐదు పేజీల్లో నాలుగున్నర మొక్కల గురించీ కమిషనర్ల గురించీ ఉంది, అసలు కేసుకి కావాల్సింది చివరి లైన్లో ఉంది. అది మీ క్యాలెండర్. దాని దగ్గరికి వస్తాను గానీ ముందు తేదీ సంగతి చూద్దాం, ఎందుకంటే అది తప్పితే మిగతాదంతా చదవక్కర్లేదు.

పనిలోంచి తీసేసినదాని మీద కేసు వేయడానికి పాత చట్టంలో 3 ఏళ్లు టైం ఉండేది, 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లో అది 2 ఏళ్లకి తగ్గింది. మీ ఆయన్ని తీసింది 2024లో కదా, పాత టైమే కదా వర్తించేది అని వాదించొచ్చు, నేనైతే వాదిస్తాను కూడా, కానీ ఆ వాదన మీద మీ ఇంటి అన్నం ఆధారపడేట్టు మాత్రం పెట్టుకోకండి. రెండేళ్లే అనుకోండి. అంటే 2026 సెప్టెంబర్ 1తో అయిపోతుంది, ఇప్పటికే ఇరవై నెలలు దాటిపోయింది. ఇందులో ఇంకో మెలిక ఉంది, లేబర్ కోర్టుకి నేరుగా వెళ్లాలంటే ముందు అసిస్టెంట్ లేబర్ కమిషనర్ దగ్గర పిటిషన్ పెట్టి 45 రోజులు ఆగాలి. ఆ 45 రోజులు తీసేస్తే మీకు మిగిలింది ఎంతో మీరే లెక్కేసుకోండి.

ఇన్నాళ్లూ ఏం చేశారని అడిగితే మీకు కోపం వస్తుందేమో గానీ అడగక తప్పదు. రావద్దన్న మర్నాడే "నేను డ్యూటీకి వచ్చాను, లోపలికి రానివ్వలేదు, కారణం రాసివ్వండి" అని నాలుగు లైన్లు రాసి రిజిస్టర్డ్ పోస్ట్‌లో పడేసి ఉంటే సగం కేసు అక్కడే గట్టిపడేది. అది లేదు కాబట్టి రేపు వాళ్లు చెప్పే మొదటి మాట "మేము తీయలేదండీ, ఆయనే మానేశాడు" అని. పైగా ఈ మధ్య ఏజెన్సీ వాళ్లు వేరే వార్డులో కొత్తగా చేర్చుకుంటాం, ఈ కాగితం మీద సంతకం పెట్టు అని ఏమైనా ఇచ్చారా? ఇస్తే అందులో "స్వచ్ఛందంగా" అన్న మాట ఎక్కడుందో వెతకండి, ఉంటే సంతకం పెట్టొద్దు. పీఎఫ్ డబ్బు తీసుకుంటే తీసుకోండి, తప్పు లేదు, కానీ ఎగ్జిట్ తేదీ దగ్గర కారణం ఏమని పడిందో చూసుకోకుండా మీసేవ కుర్రాడు ఏది నొక్కితే అది ఒప్పుకోకండి.

ఇప్పుడు అసలు పాయింట్. 11 ఏళ్లు చేశాడన్నది మీకు బలం అనిపిస్తుంది గానీ కోర్టు ముందు అడిగేది అది కాదు. తీసేసిన రోజుకి ముందు 12 నెలల్లో 240 రోజులు పని ఉందా, జీతం ఎవరిచ్చారు, పని ఎవరు చెప్పి చేయించారు. ఈ మూడే. 240లో జీతం వచ్చే వారాంతపు సెలవులూ పండగ సెలవులూ కూడా కలుస్తాయి కాబట్టి 2023 సెప్టెంబర్ నుంచి 2024 ఆగస్ట్ దాకా ఆయన సరిగ్గా వెళ్లి ఉంటే లెక్క తేలిగ్గా దాటుతుంది. దాటిందని తేలితే నెల నోటీసుగానీ దాని బదులు జీతంగానీ, దాంతోపాటు ఏడాదికి 15 రోజుల జీతం లెక్కన పరిహారమూ ఇవ్వకుండా తీసేయడం చెల్లదు. కానీ రుజువు మీ మీదే ఉంటుంది. నేను 240 రోజులు చేశానని ఒక అఫిడవిట్ వేస్తే సరిపోదని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. 2005లో ఇంకోటి చెప్పింది, రోజుకూలీ దగ్గర కాగితాలు ఎక్కడుంటాయి, ఆయన బోనెక్కి సాక్ష్యం చెప్పి మస్టర్ తెమ్మని అడిగితే, దగ్గరున్న రికార్డు తేకుండా దాచిన యాజమాన్యం మీద కోర్టు అనుమానంగా చూడొచ్చు అని. అంటే మీరు ముందు అడగాలి, రాతపూర్వకంగా.

అందుకే ఈ వారంలోనే సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి దరఖాస్తు పెట్టండి. మస్టర్ కాపీలు, జీతాల వోచర్లు, ఆ ఏజెన్సీకి ఇచ్చిన వర్క్ ఆర్డరు, స్టోర్స్‌లో ఆయన పేరు మీద పైపులూ గడ్డి మిషనూ ఇచ్చిన ఇండెంట్ రిజిస్టరు, పంప్ హౌస్ లాగ్ పుస్తకం. ఈ చివరి రెండూ జనం అడగరు, అవే పట్టిస్తాయి, ఎందుకంటే ఏజెన్సీ మనిషికి మున్సిపాలిటీ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) మోటారు తాళం ఎందుకిచ్చాడు అన్న ప్రశ్నకి జవాబు ఉండదు. 30 రోజుల్లో జవాబివ్వాలి, ఇవ్వకపోతే అప్పీలు. అయితే ఆ జవాబు కోసం కూర్చోవద్దు, లేబర్ ఆఫీసులో పిటిషన్ ముందు పడాలి, కాగితాలు తర్వాత జతపరచుకోవచ్చు. పిటిషన్లో మున్సిపాలిటీనీ ఏజెన్సీనీ ఇద్దరినీ పార్టీలుగా పెట్టండి. పీఎఫ్ పాస్‌బుక్ డౌన్‌లోడ్ చేసుకోండి, ఏ నెల ఎవరి పేరుమీద కట్టారో అందులో తెలిసిపోతుంది, 2019 తర్వాత ఏజెన్సీ పేరే ఉంటుంది, దానికి భయపడక్కర్లేదు, ఆ కాంట్రాక్టు ఒట్టి పేరుకేనా కాదా అన్నది లేబర్ కోర్టు తేల్చాల్సిన సంగతి.

రిట్ వద్దనేది కూడా అందుకే. ఎన్ని రోజులు చేశాడు, కాంట్రాక్టు నిజమా కాదా అని సాక్ష్యాలు తీసుకుని తేల్చే పని హైకోర్టు సాధారణంగా పెట్టుకోదు, లేబర్ కోర్టుకి పొమ్మంటుంది, మీ నెలలు అక్కడ కరిగిపోతాయి. పర్మినెంట్ మాట కూడా ఇప్పుడే ఎత్తకండి. 2006లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దొడ్డిదారి నియామకాల్ని పర్మినెంట్ చేయొద్దని చెప్పాక అది తేలికైన దారి కాదు. అయితే 2025 జనవరి 31న గాజియాబాద్ నగర్ నిగమ్ (అక్కడి మున్సిపల్ కార్పొరేషన్) తోటమాలీల కేసులో సుప్రీంకోర్టు వాళ్లని మళ్లీ పనిలోకి తీసుకోమని, పని లేకుండా ఉన్న కాలానికి 50 శాతం జీతం ఇవ్వమని, రెగ్యులరైజేషన్ ప్రక్రియ కూడా మొదలుపెట్టమని చెప్పింది. వాళ్లకీ అపాయింట్‌మెంట్ కాగితాల్లేవు, నోటి మాట మీదే తీసేశారు. కాకపోతే వాళ్లు ముందే లేబర్ ఆఫీసులో వివాదం వేసుకుని ఉన్నారు, కాంట్రాక్టర్ ద్వారా పెట్టుకున్నామన్న నిగమ్ దానికి సరైన కాగితం చూపలేకపోయింది. మీ ఏజెన్సీ దగ్గర కాగితాలుంటాయి. తేడా అక్కడ ఉంది. చాలా కేసుల్లో మళ్లీ ఉద్యోగం బదులు ఒక మొత్తం ఇచ్చి ముగిస్తున్నారు కూడా, దానికీ మనసు సిద్ధం చేసుకోండి.

ఇక ఆ 20 వేల సర్టిఫికెట్. గట్టిగా చెప్తున్నాను, ఆ మనిషిని ఇంటి గడప కూడా ఎక్కనివ్వకండి. రిటైరైనాయన ఇప్పుడు పాత తేదీ వేసి సంతకం పెడితే అవతలి లాయర్ ఆఫీసు డిస్పాచ్ రిజిస్టరు (బయటికి వెళ్లే కాగితాలకి నంబర్ వేసే పుస్తకం) తెప్పిస్తాడు, నంబర్ ఉండదు, క్రాస్ ఎగ్జామినేషన్‌లో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. కోర్టు కేసు కోసం తప్పుడు సాక్ష్యం తయారు చేస్తే ఏడేళ్ల దాకా జైలు. అంతకన్నా పెద్ద నష్టం, ఆ ఒక్క కాగితంతో మీ నిజమైన కాగితాలు కూడా దొంగవే అనిపిస్తాయి.

నిజమైనవి మీ దగ్గర ఉన్నాయమ్మా. పని ముందు, పని తర్వాత ఫోటోలు పెట్టమని ఆ ఇన్‌స్పెక్టర్ నడిపిన వాట్సాప్ గ్రూప్ ఒకటి ఉండే ఉంటుంది, మీ ఆయన ఫోన్ మార్చకండి, ఫార్మాట్ కొట్టకండి, గ్రూపులోంచి బయటికి రాకండి, వాటితో పాటు కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 సర్టిఫికెట్ (ఫోన్లోని రికార్డుకి ఇచ్చే ధ్రువీకరణ) వేస్తే పనికొస్తాయి. జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్ తీసుకోండి. లాయర్ ఫీజు గురించి బెంగ వద్దు, కార్మికుడికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఉచితంగా లాయర్ని ఇస్తారు, కోర్టు ఆవరణలోనే ఆఫీసు ఉంటుంది.

క్యాలెండర్ పనికొస్తుంది. ఏ రోజుకారోజు రాసిన లెక్క, ఇంటి మనిషి చేతిరాత, పైగా కేసు పెట్టాలన్న ఆలోచన లేనప్పుడు రాసినది. మిమ్మల్ని బోనెక్కిస్తారు, పాల నాగాల గురించి కూడా అడుగుతారు, ఉన్నది చెప్పండి. కానీ 2023, 2024 క్యాలెండర్లని కొత్త పుస్తకంలోకి నీట్‌గా ఎక్కించకండి, మసకైన టిక్కుల మీద మళ్లీ పెన్ను పెట్టకండి, మర్చిపోయిన రోజులు ఇప్పుడు నింపకండి. నూనె మరకలతో ఎలా ఉన్నవి అలాగే ఒక ప్లాస్టిక్ కవర్లో పెట్టి, సోమవారం లేబర్ ఆఫీసుకి వెళ్లేటప్పుడు జిరాక్స్ మాత్రమే తీసుకెళ్లండి.